మురుగునీటి ప్లాంటుకు ఏ బ్లోయర్? విశాఖ ఉప్పుగాలికి, ఉక్కపోతకు తగిన ఎంపిక

మురుగులోని సూక్ష్మజీవులకు ఊపిరి అందేలా ట్యాంకులోకి గాలి తోసే యంత్రం బ్లోయర్. దాన్ని కొనబోయేవాళ్ళు మొదట అడిగేది "ఎన్ని హెచ్‌పీ?" అని. నిజానికి హెచ్‌పీ చివర తేలాల్సిన అంకె. ముందు తేలాల్సినవి మూడు: ట్యాంకులో నీటి లోతెంత, గంటకు ఎంత గాలి కావాలి, ఆ అవసరం రోజులో ఎంత పెరిగి ఎంత తగ్గుతుంది. ఈ మూడూ కాగితం మీద పెడితే రకం ఎంచడం సగం అయిపోయినట్టే. మురుగునీటి ప్లాంటు కరెంటు ఖర్చులో సగం, ఒక్కోచోట అంతకు మించి, గాలికే పోతుంది. అందుకే కొన్న ధర కన్నా పదేళ్ళ బిల్లు పెద్దది.

లోతు లెక్క

ఒక మీటరు నీటికి 0.1 కేజీ ప్రెజర్ (చదరపు సెంటీమీటరుకు ఇన్ని కిలోలని, వాడుకలో ఉత్త కేజీ). నాలుగు మీటర్ల నీరున్న ఎయిరేషన్ ట్యాంకులో, అంటే మురుగుకు గాలి పట్టించే ట్యాంకులో, డిఫ్యూజర్లు (గాలిని బుడగలుగా వదిలే రబ్బరు పరికరాలు) అడుగు నుంచి పాతిక సెంటీమీటర్లు పైన ఉంటాయి కాబట్టి వాటి మీద నిలిచే నీరు 3.75 మీటర్లు, అంటే 0.375 కేజీ. కొత్త డిఫ్యూజర్ రబ్బరు తెరుచుకోడానికి 0.03 నుంచి 0.05 దాకా, పైపులు, బెండ్లు, వాల్వులకు మరో 0.02 నుంచి 0.03. మొత్తం 0.44 దగ్గర పడుతుంది. రెండు మూడేళ్ళకు డిఫ్యూజర్ రంధ్రాలు పూడుకుంటే ఇంకో 0.05 పెరుగుతుంది. కాబట్టి ఈ ట్యాంకుకు అర కేజీ బ్లోయర్. కొందరు "ఎందుకైనా మంచిది" అని 0.7 రాస్తారు. పనిచేసే ప్రెజర్‌ను నిర్ణయించేది ట్యాంకు, బ్లోయర్ నేమ్‌ప్లేటు కాదు. ఎక్కువ రాయించినందుకు పెద్ద మోటారు వస్తుంది, అంతే.

మధురవాడ, రుషికొండ వైపు తవ్వకంలో ఖోండలైటు రాయి తగిలిన చోట, సముద్రానికి దగ్గరగా ఊటనీరు పైకొచ్చే చోట ట్యాంకులు లోతుగా కట్టడం కష్టం. రెండున్నర మీటర్ల నీటితో సరిపెట్టిన ట్యాంకుకు 0.35 కేజీ చాలు. కానీ బుడగ నీటిలో ఉండే సమయం తగ్గి గాలి ఎక్కువ కావాలి. ఈ తేడా బ్లోయర్ రకాన్నే మార్చేస్తుంది.

గాలి లెక్క

రెండు వందల ఫ్లాట్ల అపార్ట్‌మెంటు, రోజుకు లక్ష లీటర్ల (వంద కిలోలీటర్ల) మురుగు, అంటే 100 కేఎల్‌డీ ప్లాంటు తీసుకుందాం. లీటరుకు 300 మిల్లీగ్రాముల బీఓడీ (కుళ్ళే పదార్థాన్ని తినడానికి సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజన్ కొలత) అంటే రోజుకు 30 కిలోలు. కిలో బీఓడీకి 1.2 కిలోల ఆక్సిజన్ చొప్పున 36 కిలోలు. అమ్మోనియా నైట్రోజన్ లీటరుకు 40 మిల్లీగ్రాములు ఉంటే రోజుకు 4 కిలోలు. ఒక్కో కిలోకు 4.57 కిలోల ఆక్సిజన్ పడుతుంది, అది 18. వెరసి 54 కిలోలు. అమ్మోనియా భాగాన్ని వదిలేసి చేసిన కొటేషన్లు తరచూ కనిపిస్తాయి. అలాంటి ప్లాంటులో బీఓడీ దిగుతుంది, అమ్మోనియా దిగదు.

కొత్త ఫైన్ బబుల్ డిఫ్యూజర్ మంచినీటి పరీక్షలో మీటరు లోతుకు ఆరు శాతం దాకా ఆక్సిజన్‌ను నీటికి అందిస్తుంది. 3.75 మీటర్లకు 22 శాతం. బ్రోచరులో ఉండేది ఈ అంకె. సబ్బులు, నూనెలు ఉన్న మురుగులో, 30 డిగ్రీల నీటిలో, కొంత పూడుకున్న డిఫ్యూజర్‌తో చేతికి వచ్చేది ఎనిమిది శాతం చుట్టూ ఉంటుంది. విశాఖ వేసవిలో, 35 డిగ్రీల తేమగాలిలో, ఘనమీటరుకు ఉండే ఆక్సిజన్ పావు కిలో. 54ను 0.25తో, 0.08తో భాగిస్తే రోజుకు 2,700 ఘనమీటర్లు, గంటకు 112. ఉదయం స్నానాల వేళ రద్దీకి ఒకటిన్నర రెట్లు వేస్తే 170. అదే మన అంకె: గంటకు 170 ఘనమీటర్లు, అంటే 100 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు).

ఈ అంకె ఏ గాలిదో కొటేషన్లో రాయించుకోవాలి. కొందరు సున్నా డిగ్రీల పొడిగాలి లెక్కన 'నార్మల్' ఘనమీటర్లు ఇస్తారు, కొందరు బ్లోయర్ నోటి దగ్గరి గాలి ఇస్తారు. 35 డిగ్రీలు, ముప్పావు వంతుకు పైగా తేమ ఉన్న రోజున ఒక నార్మల్ ఘనమీటరుకు ఇక్కడి గాలి 1.18 ఘనమీటర్లు పీల్చాలి. ఇద్దరు సప్లయర్ల అంకెలు ఒకటేలా కనబడుతూ 18 శాతం తేడాగా ఉండటం ఇందువల్లే. ఒక్క ఊరట ఉంది: హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కనుక అక్కడ గాలి ఆరు శాతం పలచన. మనకు ఆ బాధ లేదు. అక్కడి ప్లాంటు షీటునే ఊరి పేరు మార్చి పంపితే మాత్రం గుర్తుపట్టాలి.

వచ్చిన మురుగును మొదట నిల్వ చేసే ఈక్వలైజేషన్ ట్యాంకు గాలిని ఇదే బ్లోయర్‌తో ఇవ్వొద్దు. ఆ ట్యాంకులో నీటిమట్టం రోజంతా మారుతుంది. మట్టం తగ్గగానే గాలి తేలిక దారి చూసుకుని మొత్తం అటే పోతుంది, ఎయిరేషన్ ట్యాంకులో బుడగలు ఆగిపోతాయి. ఆపరేటరు వాల్వు తిప్పి సరిచేస్తాడు, సాయంత్రానికి మళ్ళీ తప్పుతుంది. ట్యాంకు ఘనమీటరుకు గంటకు 1.2 ఘనమీటర్ల చొప్పున చిన్న బ్లోయర్ విడిగా పెడితే ఈ గొడవే ఉండదు.

ట్విన్ లోబ్, ట్రై లోబ్

అపార్ట్‌మెంట్లలో, హోటళ్ళలో, చిన్న ఫ్యాక్టరీల్లో నూటికి తొంభై సందర్భాల్లో జవాబు ఇదే. వీటినే రూట్స్ బ్లోయర్లు అంటారు. ఆ పేరుకీ వేర్లకీ సంబంధం లేదు. 1860లో పేటెంటు తీసుకున్న అమెరికా సోదరుల ఇంటిపేరు అది. రెండు రోటర్లు ఒకదానికొకటి తగలకుండా తిరుగుతూ గాలిని ఈ పక్క నుంచి ఆ పక్కకు మోస్తాయి. లోపల గాలిని నొక్కవు. డెలివరీ నోరు తెరుచుకున్న క్షణాన పైపులోని గాలి వెనక్కి ఎగదన్ని, కొత్తగా వచ్చిన గాలిని నొక్కుతుంది. అందుకే ఆ మోత, అందుకే కొంత కరెంటు వృథా. ఆదర్శ కుదింపుతో పోలిస్తే ఈ పద్ధతికి 0.3 కేజీ దగ్గర పది శాతం, 0.5 దగ్గర పదిహేను, 0.8 దగ్గర పాతిక శాతం అదనపు శక్తి పడుతుంది. ఈ మూడు అంకెలు గుర్తుంటే స్క్రూ బ్లోయర్ అమ్మేవాళ్ళ మాటల్లో నిజం ఎక్కడ మొదలవుతుందో తెలిసిపోతుంది: తక్కువ లోతులో లాభం తక్కువ, లోతు పెరిగేకొద్దీ ఎక్కువ.

ట్విన్ లోబ్‌లో రోటరుకు రెండు రెక్కలు, చుట్టుకు నాలుగు గాలి దెబ్బలు, ట్రై లోబ్‌లో మూడు రెక్కలు, ఆరు దెబ్బలు. ట్రై లోబ్ అదురు తక్కువ, చప్పుడు కాస్త మృదువు. కరెంటులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇళ్ళ మధ్య అయితే ట్రై లోబ్, ఊరవతల షెడ్డు అయితే ట్విన్ లోబ్ చాలు.

మన 170 ఘనమీటర్లు, అర కేజీకి షాఫ్టు దగ్గర మూడున్నర కిలోవాట్లు దాటుతుంది. 5 హెచ్‌పీ మోటారు అంచు మీద నడుస్తుంది కాబట్టి 7.5 హెచ్‌పీ తీసుకోవాలి, ఒకటి నడవడానికి, ఒకటి స్టాండ్‌బై. మీటరు దగ్గర 4.3 కిలోవాట్లు, రోజంతా నడిస్తే 103 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే ఏడాదికి మూడు లక్షలు.

చిన్న బ్లోయర్‌ను పెద్ద స్పీడులో తిప్పి అదే గాలి చూపించడం కొటేషన్ తగ్గించే పాత ఉపాయం. మోడల్ గరిష్ఠ స్పీడులో 60, 70 శాతం దగ్గర నడిచేది తీసుకుంటే బేరింగులు, చెవులు రెండూ బతుకుతాయి. మరీ నెమ్మదిగా తిప్పినా నష్టమే. రోటర్ల సందుల్లోంచి వెనక్కి జారే గాలి స్పీడుతో తగ్గదు, ప్రెజర్ ఎంతుంటే అంత. ఉదాహరణకు రోటర్లు గంటకు 230 ఘనమీటర్లు మోస్తూ 60 జారిపోతే చేతికి 170. మోటారు స్పీడు మార్చే డ్రైవు అయిన వీఎఫ్‌డీతో 25 హెర్ట్జ్‌కి దింపితే మోసేది 115, జారేది అదే 60, చేతికి 55. స్పీడు సగమైతే గాలి మూడో వంతుకు పడిపోయింది! పైగా బ్లోయర్ వేడెక్కుతుంది, మోటారు వెనక ఫ్యాను గాలి కూడా తగ్గుతుంది. 30 హెర్ట్జ్ కిందికి వెళ్ళకుండా డ్రైవులోనే అడ్డు పెట్టాలి.

అయినా వీఎఫ్‌డీ పెట్టాల్సిందే. రాత్రి రెండు గంటలకు మురుగు రాదు. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉండాల్సిన చోట 4 ఉంటే నీరు శుభ్రమైపోతోందని మురిసిపోతారు. మన వెచ్చటి నీటిలో ఆ 4 నిలపడానికి దాదాపు సగం గాలి అదనంగా కావాలి. ఆ డబ్బంతా నీటి మీద బుడగై పగులుతోంది.

గాలి తగ్గించడానికి డెలివరీ వాల్వు మూయడం మాత్రం చేయరాని పని. లోబ్ బ్లోయర్ పట్టుదల గలది. దారి మూస్తే ప్రెజర్ పెంచుకుంటూ పోతుంది. బెల్టులు కాలతాయి, రోటర్లు వేడికి వ్యాకోచించి ఒకదాన్నొకటి రాసుకుంటాయి. సేఫ్టీ వాల్వు పనిచేసే ప్రెజర్ కన్నా పది శాతం పైన పెట్టి, మూడు నెలలకోసారి చేత్తో ఎత్తి చూడాలి. ఎన్ఆర్‌వీ (గాలిని వెనక్కి రానివ్వని వాల్వు) పాడైతే ఆపినప్పుడు రోటర్లు వెనక్కి తిరుగుతాయి. అదే సమయంలో స్టార్టు చేస్తే బెల్టు తెగడం ఖాయం.

స్క్రూ

స్క్రూ బ్లోయర్ గాలిని లోపలే నొక్కి పంపుతుంది. 0.7, 0.8 కేజీ దగ్గర లోబ్ కన్నా 20 శాతం వరకు తగ్గింపు ఆశించవచ్చు. 0.3 దగ్గర ఆ లాభం ధర తేడాకు సరిపోదు. 7.5 హెచ్‌పీ స్థాయిలో ఇది ఆలోచించే పని కూడా లేదు. 30 హెచ్‌పీ దాటి, ఐదు మీటర్ల పైన నీరుండి, ఏడాదంతా ఆగకుండా నడిచే చోట స్క్రూ కొటేషన్ అడగకపోవడం తప్పు. పరవాడ, అచ్యుతాపురం వైపు ఆరేడు మీటర్ల లోతు ట్యాంకులున్న ఈటీపీలకు (ఫ్యాక్టరీ వ్యర్థజలాల ప్లాంట్లకు) ఇది సరిగ్గా సరిపోతుంది.

లెక్క తేలిక: మీటరు దగ్గర 40 కిలోవాట్లు తీసుకునే లోబ్ బ్లోయర్ ఏడాదికి మూడున్నర లక్షల యూనిట్లు తాగుతుంది. 20 శాతం అంటే 70 వేల యూనిట్లు, 8 రూపాయల చొప్పున 5 లక్షల 60 వేలు. ధరలో తేడాను దీంతో భాగిస్తే ఎన్నేళ్ళకు తిరిగొస్తుందో తెలుస్తుంది. మూడేళ్ళ లోపైతే తీసుకోండి. ఐదు దాటితే ఆగండి, ఎందుకంటే స్క్రూ ఓవర్‌హాలు ఊళ్ళో వర్క్‌షాపులో అయ్యేది కాదు, కంపెనీకి వెళ్ళాల్సిందే. లోబ్ బ్లోయర్ బేరింగులు, సీళ్ళు, బెల్టులైతే మంచి మెకానిక్ ఆటోనగర్లో రెండు మూడు రోజుల్లో మార్చగలడు. టైమింగ్ గేర్ సెట్టింగ్ మాత్రం తెలిసినవాడి చేతే చేయించాలి. రోటర్ల మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతు లెక్కల్లో ఉంటుంది.

టర్బో

నిమిషానికి వేల చుట్లు తిరిగే ఒకే చక్రం, గాలి మీదో అయస్కాంతం మీదో తేలే షాఫ్టు, ఆయిల్ లేదు, బెల్టు లేదు. కాగితం మీద అన్నిటికన్నా పొదుపు. నగరపాలక స్థాయిలో, రోజుకు కోట్ల లీటర్ల ప్లాంట్లలో, స్థిరమైన లోతులో ఇదే రాజు. అపార్ట్‌మెంటుకు సరిపోయే సైజు దాదాపు లేనే లేదు.

మూడు షరతులు చూసుకోవాలి. మొదటిది, ఒకే ట్యాంకును విడతలవారీగా నింపి ఖాళీ చేయడంతో నీటిమట్టం మారే ఎస్‌బీఆర్ ట్యాంకుల్లో టర్బోకు ఊపిరి తిరగదు. ప్రెజర్ పెరిగి గాలి తగ్గితే, గాలి వెనక్కి తన్ని ఊగిసలాడే సర్జ్‌లోకి జారుతుంది. డిఫ్యూజర్లు పూడుకున్నా అదే ప్రమాదం. రెండోది, ఫాయిల్ బేరింగ్ షాఫ్టు తిరుగుతున్నంతసేపే గాలిలో తేలుతుంది. మొదలెట్టేటప్పుడు, ఆగేటప్పుడు రేకును రాసుకుంటుంది. కరెంటు తరచూ పోయే ఫీడరు మీద ఆ అరుగుదల లెక్కపెట్టుకోవాలి. మూడోది, లోపలంతా ఎలక్ట్రానిక్స్. తీరం పక్కన ఉప్పు తేమ తగిలితే మొదట పోయేది చక్రం కాదు, బోర్డు. పూత వేసిన బోర్డులు, ఏసీ ఉన్న ప్యానెల్ గది లేకుండా బీచ్ రోడ్డు పక్కన టర్బో పెట్టడం దుబారా.

పాత తరహా మల్టీస్టేజ్ సెంట్రిఫ్యూగల్ మొండి మనిషి లాంటిది, ఏళ్ళ తరబడి నడుస్తుంది. కరెంటు ఎక్కువ, దానికీ సర్జ్ బెడద ఉంది. ఉన్నదాన్ని నడుపుకోవచ్చు, చిన్న ప్లాంటుకు కొత్తగా కొనే కారణం కనబడదు.

రింగ్ బ్లోయర్

సైడ్ ఛానెల్, టర్బైన్ అని కూడా అంటారు. బెల్టు లేదు, ఆయిల్ లేదు, ధర తక్కువ. సింగిల్ స్టేజ్ 0.2 కేజీ దాకా హాయిగా, 0.25 దగ్గర కష్టంగా నడుస్తుంది. రెండు మీటర్ల లోపు నీటికి, ఈక్వలైజేషన్ ట్యాంకుకు, 20 కేఎల్‌డీ లోపు ప్లాంటుకు బాగుంటుంది. మూడున్నర మీటర్ల ట్యాంకుకు పెడితే గాలి రాదు, వేడి వస్తుంది. మోత సన్నటి ఈలలా ఉండి గోడలు దాటుతుంది. మన ఊళ్ళో దీని అసలు శత్రువు తుప్పు. అల్యూమినియం బాడీ, సన్నటి సందులు. సముద్రపు గాలిలో రెండు నెలలు ఆపి ఉంచితే తెల్లటి పొడి పట్టి ఇంపెల్లరు బిగుసుకుంటుంది. చేపల రేవును నమ్ముకున్న ప్రాసెసింగ్ యూనిట్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. ఆ కాలంలో ఏ రకం బ్లోయరైనా వారానికోసారి పది నిమిషాలు తిప్పాలి.

ఒకటి రెండు ఇళ్ళ ప్లాంటుకు డయాఫ్రం ఎయిర్ పంపు చాలు. ఏడాది రెండేళ్ళకు రబ్బరు మార్చాలి. నీటిలో మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ ఎయిరేటర్ చప్పుడు లేనిది, కరెంటు మాత్రం గట్టిగానే తింటుంది. పడకగదుల కిందే ప్లాంటు ఉండి వేరే దారి లేనప్పుడే అది.

సెల్లారు, ఉప్పు, చప్పుడు

బ్లోయర్‌ను సెల్లారులో పెట్టి అక్కడి గాలినే పీల్చనిస్తే రెండు నష్టాలు. గది బయటికన్నా పది డిగ్రీలు వేడిగా ఉంటే ఆక్సిజన్ మూడు శాతం తగ్గుతుంది. అది చిన్న విషయం. కుళ్ళిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు తేమతో కలిసి రోటర్లను, రాగి తీగలను తినేయడం పెద్ద విషయం. సక్షన్‌ను డక్టుతో బయటికి తీసుకెళ్ళండి, నోటిని సముద్రం వైపు కాకుండా భవనం చాటుకు తిప్పండి, వాన పడకుండా వంచండి. ఫార్మా ఈటీపీలో సాల్వెంట్ ట్యాంకుల ఊపిరి గొట్టాలకు దూరంగా ఉంచండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేర్పిన పాఠం సెల్లారు ప్లాంట్లకు ఇంకా వర్తిస్తుంది. బ్లోయర్‌ను, ప్యానెల్‌ను నేల మీద కాకుండా కనీసం రెండడుగుల దిమ్మె మీద పెట్టండి. రోజుల తరబడి ఈపీడీసీఎల్ సరఫరా లేకపోతే ట్యాంకులోని సూక్ష్మజీవులను బతికించాలి కాబట్టి ఒక బ్లోయర్‌ను జనరేటరు లైనులోకి కలిపించుకోండి. ఆ బ్లోయర్‌కు సాఫ్ట్ స్టార్టరో వీఎఫ్‌డీనో ఉంటే చిన్న జనరేటరు కూడా లాగుతుంది.

మూత లేని లోబ్ బ్లోయర్ పక్కన 90 డెసిబెల్ల దాకా మోత. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45. మూత పెడితే చాలదు, డెలివరీ పైపును శ్లాబుకు ఇనుప క్లాంపుతో బిగిస్తే పై ఫ్లాటు మంచం అదురుతుంది. రబ్బరు హ్యాంగర్లు, బ్లోయర్ నోటి దగ్గర రబ్బరు బెల్లో, కింద అదురు మింగే దిమ్మెలు కొటేషన్లోనే ఉండాలి. మూతకు గాలి తోసే ఫ్యాను లేకపోతే అదే పొయ్యి అవుతుంది.

అర కేజీ దగ్గర లోబ్ బ్లోయర్ గాలి పీల్చినప్పటికన్నా 50 నుంచి 60 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. గది 42 ఉంటే పైపులో వంద దగ్గర. పీవీసీ హెడరు ఎండాకాలం వంగిపోవడానికి కారణం ఇదే. నీటిలోకి దిగే దాకా జీఐ (జింకు పూత ఇనుము) లేదా స్టీలు, నీటి కింద మాత్రమే పీవీసీ. మన 170 ఘనమీటర్లకు 80 మిల్లీమీటర్ల హెడరు హాయిగా ఉంటుంది.

కొటేషన్లో అడగాల్సినవి, గేజి చెప్పేవి

హెచ్‌పీలను పోల్చవద్దు. "35 డిగ్రీలు, 80 శాతం తేమ, 0.5 కేజీ దగ్గర గంటకు 170 ఘనమీటర్లు ఇస్తూ మీటరు దగ్గర ఎన్ని కిలోవాట్లు?" అని అందరినీ ఒకే ప్రశ్న అడగండి. మోటారు, బెల్టు, డ్రైవు, ఫిల్టరు నష్టాలన్నీ అందులోకి రావాలి. పరీక్ష ఐఎస్ఓ 1217 (ఇలాంటి యంత్రాల పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారమా, అనుమతించే తేడా ఎంత అన్నది రాతలో ఉండాలి. షాఫ్టు శక్తి ఒకరు, మీటరు శక్తి ఒకరు ఇచ్చిన రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి నిర్ణయించడం వల్లే చాలామంది మోసపోయామనుకుంటారు.

బిగించిన రోజే ప్రెజర్, ఆంపియర్లు, డెలివరీ వేడి మూడూ గోడ మీద పెయింటుతో రాయించండి. తరవాత వచ్చే ప్రతి తేడా ఒక కబురే. ప్రెజర్, ఆంపియర్లు కలిసి పెరిగితే డిఫ్యూజర్లు పూడుకున్నాయి, లేదా ఎవరో వాల్వు తిప్పారు. ప్రెజర్ తగ్గి ఒకచోట నీరు కుతకుతలాడితే అక్కడ రబ్బరు చిరిగింది లేదా పైపు ఊడింది. రెండూ తగ్గి బెల్టు కీచుమంటే అది జారుతోంది. మార్చేటప్పుడు సెట్టు మొత్తం మార్చాలి, ఒక్కటే మారిస్తే బరువంతా కొత్తదే మోస్తుంది. ఆంపియర్లు మామూలుగా ఉండి వేడి మాత్రం పెరిగితే ముందు సక్షన్ ఫిల్టరు విప్పండి, తరవాత ఆయిల్ చూడండి. ఆయిల్ గాజు సగం దాటకూడదు. ఎక్కువ పోస్తే గేర్లు చిలికి వేడెక్కుతుంది, సీళ్ళ గుండా డిఫ్యూజర్ల దాకా పోతుంది. మొదటి మార్పు 200 గంటలకు, ఆ తర్వాత కంపెనీ పుస్తకం చెప్పిన గడువుకు. ఫిల్టరు, ఒక బెల్టు సెట్టు, ఒక డబ్బా ఆయిల్, నాలుగు డిఫ్యూజర్ రబ్బర్లు స్టోరులో ఉంటే ఆదివారం ఆగిన బ్లోయర్ కోసం సోమవారం దాకా ఎదురుచూడక్కర్లేదు.